ఏడికెళ్లి, ఏడికి

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన సర్వే వాళ్ళకు పని నేర్పించే బాధ్యత నా మీద పడింది. ఇదివరకు అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలుండేవి, ఇప్పుడు ట్యాబ్‌లు వచ్చాయి. తెర మీద వేలు పెట్టగానే మొదటి ప్రశ్న కనిపించింది: "మీ గమ్యస్థానం ఏమిటి?" వెనక వరుసలో ఒకమ్మాయి, మన బస్తీ పిల్లే, "మేడమ్, గమ్యస్థానం మత్లబ్?" అని అడిగింది. చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఒక పెద్ద గొంతు గుర్తొచ్చింది. "గమ్యస్థానమంటె సచ్చినంక పోయేది గాదా బిడ్డా? అది నీకెందుకు జెప్పాలె?" మంచినీళ్ళు తాగి వస్తానని చెప్పి బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను.

ఆ గొంతు గల మనిషి పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఈ గుజరాతీ ఊళ్ళో, మా లింబాయత్ బస్తీలో గల్లీకి ఇద్దరికి ఉంటుంది. దానివల్ల జరిగిన నష్టం చాలు. గుజరాతీ వాళ్ళకూ, మనవాళ్ళకూ ఆయన కాకానే. రెండు భాషలకూ సరిపోయే పిలుపు అదొక్కటే దొరికింది.

మా కంపెనీ పని చెప్పుకోడానికి చాలా చిన్నది. ఊళ్ళో జనం ఎక్కడ నుంచి ఎక్కడికి పోతున్నారో అడిగి రాసుకోవడం. ఆ కాగితాలను చూసి పైవాళ్ళు ఏ బస్సు ఎటు నడపాలో, ఏది ఆపేయాలో నిర్ణయిస్తారు. కరోనా మొదటి ఏడాది బస్సులన్నీ ఆగిపోయాయి. తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ రోడ్డెక్కుతుంటే కొన్ని దారులు మాత్రం అలాగే ఉండిపోయాయి. లింబాయత్ నుంచి రింగ్ రోడ్, వరాఛా మీదుగా కామ్‌రేజ్ వెళ్ళే బస్సు అందులో ఒకటి. దాన్ని మళ్ళీ నడపాలా వద్దా అన్నది మా కాగితాల మీద ఆధారపడి ఉంది.

మా సర్వే వాళ్ళు లింబాయత్ స్టాపులో రెండు రోజులు నిలబడి తెచ్చిన కాగితాలు చూస్తే నాకు మతి పోయింది. సగానికి పైగా వాటిలో "ప్రయాణం లేదు" అని రాసి ఉంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్ స్టాపులో నిలబడ్డ మనిషికి ప్రయాణం లేకపోవడమేమిటి? మూడో రోజు నేనే వెళ్ళాను. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడి పవర్‌లూమ్‌లలో ముప్పై ఏళ్ళు పని చేసినవాడు. మనవాళ్ళతో మాట్లాడ్డం నాకొకరు నేర్పాలా అనుకున్నాను.

మొదట కనిపించిన ఆవిడను, "ఎక్కడికి వెళ్తున్నారమ్మా?" అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చేతిలో సంచి కింద పెట్టింది. గట్టు మీద కూర్చుంది. సీసా తీసి ఒక గుక్క నీళ్ళు తాగింది. ఈ లోపల రింగ్ రోడ్ బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఆవిడ ఆ బస్సు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు.

అప్పుడు వెనకనుంచి ఒక కేక వినిపించింది.

"ఏందమ్మా! పోయెటోళ్లను ఏడికి అని అడుగుతరా ఎవలన్న? నీకు ఇంట్ల జెప్పలేదా?"

ఇంట్లో చెప్పారు. ఎందుకు చెప్పలేదు! మా నాన్న గడప దాటుతుంటే పొరపాటున నేను "ఎక్కడికి బాపూ" అంటే మా అమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టేది. నాన్న వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవాడు. అడగాలనుకుంటే "దూరమా?" అనాలి. మెడలో ఆఫీసు కార్డు వేలాడగానే ఇవన్నీ మరిచిపోతాం కాబోలు. సిగ్గుతో చచ్చిపోయాను. మా గుజరాతీ సర్వే పిల్లలు, పాపం, గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగే జనాన్ని చూసి వీళ్ళెక్కడికీ పోవడం లేదని రాసుకున్నారు.

అరిచినాయన బక్కగా, పొట్టిగా ఉన్నాడు. గళ్ళ లుంగీ మీద చొక్కా, మెడలో తువ్వాలు. ఒక చెయ్యి స్టాపులోని ఇనుప స్తంభం మీద ఆనించి ఉంది. నేనేదో సంజాయిషీ చెప్పబోతే ఆయన చూపుడు వేలిని వంచి గడ్డం కింద పెట్టుకుని కిందికి లాగినట్టు సైగ చేశాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చేశాడు. మాస్క్ దించమంటున్నాడు.

మగ్గాల చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. షెడ్డులో పని చేసే చాలామందికి పోతాయి, మా నాన్నకూ ఒకటి పోయింది. అందుకే వాళ్ళు అరిచి మాట్లాడతారు, అవతలివాళ్ళు చెప్పేది పెదవుల మీద చదువుకుంటారు. కాకా అందులో ఘనుడు. రోడ్డుకు అవతల ఇద్దరు మాట్లాడుకుంటే ఇవతల నుంచి నవ్వేవాడు. ఒక్క పెద్ద మీసాల వాళ్ళతోనే ఆయనకు పడేది కాదు. "ఆని మీసాలల్లకెళ్లి ఒక్క ముక్క బయటికి రాదు" అనేవాడు. అలాంటి మనిషికి ఒక రోజు లేచి చూస్తే ఊళ్ళో అందరి నోళ్ళూ మూసి ఉన్నాయి. అందరూ జబ్బుకు భయపడుతుంటే ఆయన మాత్రం కోపంగా ఉండేవాడు. "గిదేం రోగం బిడ్డా, మంది నోర్లు గుంజుకపొయ్యింది" అన్నాడు నాతో. చేతిలో ఫోన్ కూడా ఉండేది కాదు. వినపడనివాడికి ఫోనెందుకని ఇంట్లో భార్య దగ్గర వదిలేసేవాడు.

నేను మాస్క్ దించి, నా గోడు చెప్పుకున్నాను. ఎక్కడికి పోతున్నారో అడక్కపోతే బస్సు రాదు, అడిగితే ఉన్న బస్సు పోతోంది, ఏం చెయ్యమంటావు కాకా అన్నాను. ఆయన ఆలోచనలో పడితే కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు వాటంతటవే ఒకదాని మీద ఒకటి రాసుకునేవి. ఆయన పని అదే. మగ్గం మీద నూలు చుట్టిన పాత బీము అయిపోయి కొత్తది ఎక్కించినప్పుడు, వేల పోగుల్ని ఒక్కొక్కటిగా పాత కొసకు కొత్త కొస కలిపి మెలిపెట్టే పని. అచ్చు అతకడమంటారు. వేళ్ళు కాసేపు అలా తిరిగాయి.

"పోయెటోళ్లను అడగకు. అచ్చెటోళ్లను అడుగు. ఏడికెళ్లి అస్తున్నరని అడుగు. ఇంటికి అచ్చినోనికి భయమేంది?"

పాతికేళ్ళుగా సర్వేలు చేస్తున్న మా కంపెనీకి ఈ ఉపాయం తట్టలేదు. మర్నాటి నుంచి పొద్దున్న నిలబడ్డం మానేసి సాయంత్రం నిలబడ్డాను. షేర్ ఆటోల్లోంచి, బస్సుల్లోంచి దిగేవాళ్ళను "ఏడికెళ్లి అస్తున్నరు?" అని అడిగాను. జనం ఎంత ధారాళంగా చెప్పారో! రింగ్ రోడ్ మార్కెట్‌కెళ్లి, వరాఛాకెళ్లి, కామ్‌రేజ్‌కెళ్లి. అడక్కుండానే కాళ్ళ నొప్పులు, సేఠ్ తిట్లు, ఆటో మారిన ప్రతి చోటా ఎంతసేపు నిలబడ్డారో కూడా చెప్పారు. నేను వాళ్ళ నోట వచ్చింది వచ్చినట్టే రాసుకున్నాను.

కాకా రోజూ ఆరున్నరకు దిగేవాడు. దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా, "రాసుకో, కామ్‌రేజ్‌కెళ్లి" అనేవాడు.

"నిన్న రాశాను కదా కాకా. ఒక మనిషిని ఒక్కసారే రాయాలి."

"నిన్న నిన్న అచ్చిన. ఇయ్యాల ఇయ్యాల అచ్చిన. రాసుకో."

రాసుకునేదాన్ని. నియమం ప్రకారం తప్పే. ఆయన కాగితం మీద వేలు పెట్టి, నేను రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదివి, తృప్తిపడి కదిలేవాడు.

ఆయనకు ఆ బస్సు ఎందుకంత అవసరమో రెండో వారంలో తెలిసింది. ఆయన పని చేసే షెడ్డు లింబాయత్ నుంచి కామ్‌రేజ్ అవతలికి వెళ్ళిపోయింది. బస్సున్నప్పుడు కిటికీ పక్కన కూర్చుని వెళ్ళి వచ్చేవాడు. ఇప్పుడు మూడు ఆటోలు మారాలి. ఒక్కటి ఆలస్యమైతే అక్కడ బీము ఎదురుచూస్తుంటుంది. ఇంకో నెల ఇలాగే ఉంటే కామ్‌రేజ్‌లోనే ఉండే మనిషిని చూసుకుంటానని సేఠ్ చెప్పేశాడట. "నాకు ఇంకో పని రాదు బిడ్డా. బస్సు లేకుంటె నా ఏళ్లు ఉత్తయే" అన్నాడు, ఆ రెండు వేళ్ళూ నా ముందు చాపి. వాటి కొసలు నున్నగా, గీతలు అరిగిపోయి ఉన్నాయి.

కాకాది మంచి స్వభావమని నేననను. దిగాక కూడా కాసేపు స్టాపులోనే ఉండి, క్యూ తప్పినవాళ్ళను కసిరేవాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడే ఆడపిల్లల్ని వాళ్ళ తల్లి వచ్చి తిట్టినట్టు తిట్టేవాడు. తనకన్నీ తెలుసనుకునేవాడు. స్తంభం మీద అరచెయ్యి పెట్టి, అది అదిరే తీరు బట్టి వచ్చేది ఏ బండో చెప్పేస్తానని పందెం వేసేవాడు. "బస్సు అస్తుంది, లెవ్వుండ్రి" అని అందరినీ లేపేవాడు. లారీ వచ్చేది. మళ్ళీ లేపేవాడు, మళ్ళీ లారీయే. అయినా ఆ చెయ్యి స్తంభం మీదనుంచి తీసేవాడు కాదు. విసుగొచ్చి ఒకరోజు నేను, "కళ్ళున్నాయి కదా కాకా, చూడరాదా?" అన్నాను. "కండ్లు మందిని చూసుటానికి. బస్సును చూసుటానికెందుకు?" అన్నాడు.

కాగితాలు ఆఫీసుకు చేరాక ఒక వింత జరిగింది. వాటిని కంప్యూటర్‌కెక్కించే మా సహోద్యోగి గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాడు, బాగా చదువుకున్నవాడు. ఒక పొద్దున నన్ను పిలిచి, "మీ లింబాయత్ జనం చాలా చిత్రమండీ. సాయంత్రం ఆరున్నరకు అందరూ బయల్దేరి కామ్‌రేజ్ వెళ్తున్నారు. తిరిగొచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు" అన్నాడు. తెర చూస్తే నిజంగానే అలా ఉంది.

"కామ్‌రేజ్‌కెళ్లి అని మీరే రాశారు కదండీ. కెళ్లి అంటే వెళ్ళి అనేగా?"

నాకు నవ్వాగలేదు. మా వైపు "కామ్‌రేజ్‌కెళ్లి వచ్చిన" అంటే కామ్‌రేజ్ నుంచి వచ్చానని. వాళ్ళ వైపు అదే మాటకు కామ్‌రేజ్ వెళ్ళి వచ్చానని అర్థం. ఒకే మాట మనిషిని ఇటు నుంచి అటు తిప్పి పడేసింది. ఇద్దరం కూర్చుని, టీలు తెప్పించుకుని, ఒక్కొక్క వరుసే సరిచేశాం. ఆయన ఎర్ర పెన్నుతో ప్రతి "కెళ్లి" పక్కనా "నుంచి" అని రాశాడు. సాయంత్రం కాకాకు ఈ కథ చెప్తే చాలాసేపు నా పెదాల వంక చూశాడు.

"గాయన తెలుగోడేనా?"

"తెలుగాయనే కాకా."

"మరి తెలుగు రాదా?"

బస్సు వచ్చింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదటి రోజు పొద్దున నేనూ వెళ్ళాను, లోపల ఎక్కడో నాకు కృతజ్ఞతలు చెబుతాడని ఆశ. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. స్తంభం మీద చెయ్యి పెట్టి, ఈసారి సరిగ్గానే, "అస్తుంది" అన్నాడు. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, తల బయటికి పెట్టి, "పొద్దుగాల ఒక్కటి సాలది. రెండు గావాలె. రాసుకో" అని అరిచాడు. బస్సు కదిలింది. ఒళ్ళు మండినా నవ్వొచ్చింది.

ఆ బస్సు హోలీ దాకా కూడా సరిగ్గా నడవలేదు. జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. బస్సులన్నీ మళ్ళీ ఆపేశారు. ఈసారి ముందటిలా కాదు, ప్రతి గల్లీలో ఎవరో ఒకరు పోతున్నారు. అంబులెన్సుల కూత వినపడని మనిషి మా బస్తీలో కాకా ఒక్కడే. ఆయన భయం వేరు. మొదటి ఏడాది వాళ్ళ పక్కింట్లో ఒకరికి జబ్బొస్తే తలుపుకు బోర్డు కొట్టి, గల్లీకి అడ్డంగా వెదురు కర్రలు కట్టారు. ఆ ఇంటి వాళ్ళతో నెలల తరబడి ఎవరూ మాట్లాడలేదు. "నా ఇంటికి పలక కొట్టనియ్య" అని అప్పుడే అన్నాడట భార్యతో.

ఆయన్ని ఆఖరుసారి చూసింది ఒక పొద్దున్న. నేను స్కూటర్ మీద మందుల దుకాణానికి వెళ్తున్నాను. రోడ్డంతా ఖాళీ. స్టాపులో ఒక్కడే నిలబడి ఉన్నాడు, భుజాన గుడ్డ సంచి, చెయ్యి స్తంభం మీద. ఆపాను. దగ్గరికి రావద్దన్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత వేలు వంచి గడ్డం కింద పెట్టి లాగాడు. రోడ్డుకు ఇవతల నుంచే మాస్క్ దించాను.

"బస్సులు లేవు కాకా."

"ఎరికే."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముఖం పీక్కుపోయింది. ఎక్కడికి కాకా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మనిషే కదా నాకు ఆ మాట అనకూడదని నేర్పింది. అందరి ముందు సిగ్గు తీసి మరీ నేర్పింది.

"దూరమా?" అన్నాను.

"దగ్గర్నే బిడ్డా. ఇట్ల పొయ్యి అట్ల అస్త."

మాస్క్ పైకి లాక్కుని స్కూటర్ స్టార్ట్ చేశాను. సరిగ్గా అడిగానని నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. నేను చిన్నమ్మా అని పిలుస్తాను. నిన్న పోయినాయన ఇంకా రాలేదంది. ఆధార్ కార్డు, ఫోన్ ఇంట్లోనే ఉన్నాయి. రెండు రోజులుగా జ్వరమున్నా ఎవరికీ చెప్పనివ్వలేదట. దారిలో ఆయన్ని ఎంతమంది చూశారో ఆరా తీశాం. పాలవాడు చూశాడు, పక్కింటామె చూసింది, గల్లీ మొగలో టీ బండి ఆయన చూశాడు, నేను చూశాను. ఎక్కడికని ఒక్కరం అడగలేదు. అందరం మర్యాద తెలిసినవాళ్ళమే.

దగ్గరి ఆస్పత్రులు తిరిగాం. మూడో రోజు కామ్‌రేజ్ రోడ్డు మీదున్న ఒక ఆస్పత్రికి వెళ్ళాం. గేటు బయట గుడారం, బల్ల, పేర్ల జాబితాలు. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు. ఆ బల్ల దగ్గర మాలాంటి వాళ్ళు వందమంది ఉన్నారు. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి గొంతు బొంగురుపోయి ఉంది. లింబాయత్ వాళ్ళ జాబితా అంతా చూసి, లేదంది. తర్వాత ఇంకో కాగితం తిప్పి, "ఆ పేరుతో ఒకాయన ఉన్నారు, కానీ ఆయనది కామ్‌రేజ్" అంది. వయసు కూడా ఏడెనిమిదేళ్ళు తక్కువ వేసి ఉంది.

"కాదు, మా కాకాది లింబాయత్" అన్నాను. నేనే అన్నాను. వెనకనుంచి తోస్తున్నారు. చిన్నమ్మకు గుజరాతీ అంతగా రాదు, నా ముఖంలోకి చూస్తోంది. "లేడంట చిన్నమ్మా" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

ఇంకో రెండు రోజులు వేరే చోట్ల తిరిగాం. ఆరో రోజు ఇంట్లో కూర్చుని, ఏం తోచక, ఆఫీసు నుంచి తెచ్చిన పాత సర్వే కాగితాలు కట్టలు కడుతున్నాను. ఒక కాగితం నిండా ఒకే పేరు, ఒకే మాట. కామ్‌రేజ్‌కెళ్లి, కామ్‌రేజ్‌కెళ్లి. ప్రతి దాని పక్కన ఎర్ర పెన్నుతో "నుంచి". ఆస్పత్రి జాబితాలోని "కామ్‌రేజ్" గుర్తొచ్చి, కట్ట అక్కడే వదిలేసి, చిన్నమ్మను తీసుకుని మళ్ళీ ఆ ఆస్పత్రికే పరిగెత్తాను.

మేము వెళ్ళేసరికి ఆయన పోయి ఒక రోజయింది. ఎవరూ రాలేదని స్వచ్ఛంద సేవకులు దహనం కూడా చేసేశారు. తువ్వాలు, గుడ్డ సంచి ఇచ్చారు. మొదటిసారి నేను "కాదు" అని చెప్పి తిప్పుకొచ్చిన రోజున ఆయన బతికే ఉన్నాడు, మూడో అంతస్తులో.

ఆయన్ని చేర్చుకున్న డాక్టరు మన తెలుగువాడే, గుంటూరు వైపు నుంచి వచ్చిన చిన్నవాడు. ఫోన్‌లో మాట్లాడాడు.

"కిట్టు మీద తెలుగులో రాసుకున్న నా పేరు చదివి ఎంత సంతోషించారో అండీ. ఎక్కడుంటారంటే అర్థం కాలేదు. ఏం అడిగినా కామ్‌రేజ్, కామ్‌రేజ్ అన్నారు. లింబాయత్‌కెళ్లి వచ్చిన అన్నారు. ఈ మధ్య ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చారో మేం రాసుకోవాలి కదా, ఆ గడిలో లింబాయత్ అని రాశాను. ఇల్లు కామ్‌రేజ్ అనుకున్నానండీ."

అటు ఎవరో పిలిస్తే వస్తున్నానన్నాడు. తర్వాత, "ఒకటి అడగనా అండీ? నేను వెళ్ళినప్పుడల్లా వేలితో గడ్డం కింద ఇలా లాగినట్టు సైగ చేసేవారు. ఏదో గొంతు బాధ అనుకుని మందు కూడా రాశాను. అదేమిటో మీకు తెలుసా?" అన్నాడు.

తెలీదన్నాను. ఆ పిల్లవాడు ఇంకా ఎంతమందిని చూసుకోవాలి. ఆ ఒక్క అబద్ధం గురించి నాకు విచారం లేదు. మిగతా వాటి గురించి ఉంది. ఆ ఆస్పత్రికే ఎందుకు వెళ్ళాడో ఆలోచిస్తే తెలిసింది. రోజూ బస్సు కిటికీలోంచి ఆయన చూసిన ఆస్పత్రి అదొక్కటే. బస్సు లేకపోయినా బస్సు దారినే పోయాడు. ఆ దారి నేను వేయించిందే.

పదకొండో రోజు చిన్నమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె ఏడవడం లేదు. సంచిలోంచి తువ్వాలు తీస్తోంది, మడత పెడుతోంది, మళ్ళీ లోపల పెడుతోంది.

"సంచి భుజాన ఏసుకున్నడు. చెప్పులేసుకున్నడు. ఏడికని అడుగుదామని నోటిదాక అచ్చింది. అడగకపోతెనే మంచిగ తిరిగస్తడనుకున్న బిడ్డా. గందుకే అడగలే."

 ఆమె చేతిలోంచి తువ్వాలు తీసుకుని నేను మడత పెట్టాను.

ఇప్పుడు ఆ దారిలో బస్సులు బాగానే నడుస్తున్నాయి. పొద్దున రెండు. కరెంటు బస్సులు, చప్పుడుండదు. స్తంభం అదరదు. కాకా ఉంటే వీటిని తిట్టిపోసేవాడు. ఆయన బీముకు సేఠ్ ఎవరిని చూసుకున్నాడో నేను కనుక్కోలేదు.

ఆఫీసులో కొత్తవాళ్ళ తరగతి అయిన మర్నాడు పొద్దున్నే ట్యాబ్ సరిగ్గా పని చేస్తోందో లేదో చూద్దామని ఆ స్టాపుకే వెళ్ళాను. జనం తక్కువగా ఉన్నారు. చిన్నమ్మ వచ్చింది. రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పనికి వెళ్తోందని విన్నాను. నన్ను, నా చేతిలో ట్యాబ్‌ను చూసింది. నేను తల దించుకున్నాను. ఎవరినైనా అడగ్గలను గానీ ఆమెను అడగలేను.

చిన్నమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. మాస్క్ కింద వేలు పెట్టి గడ్డం దాకా లాగింది. కాకా మాట్లాడినంత గట్టిగా మాట్లాడింది. స్టాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"లింబాయత్‌కెళ్లి రింగ్ రోడ్‌కు పోతున్న. రెండూ రాసుకో."

తన పేరు చెప్పింది. గల్లీ చెప్పింది, ఇంటి నంబరు చెప్పింది. ట్యాబ్‌లో వాటికి చోటు లేదు. పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాను. ఆమె కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు. బస్సు వస్తే ఎక్కి, మెట్టు మీదనుంచి వెనక్కి తిరిగింది.

"మాపటికి ఆరున్నరకు అస్త. అచ్చిన్నో లేదో సూసుకో బిడ్డా."

ఆ సాయంత్రం నాకు ఆఫీసులో మీటింగ్ ఉంది. వెళ్ళలేదు. ఆరింటి నుంచే స్తంభం దగ్గర నిలబడ్డాను.